గ్యాస్ డబ్బా ఇంట్లోనే, బూట్లు కాళ్లకే
పాఠకుల ప్రశ్నలు: విమానంలో ట్రెక్కింగ్ సామాను

ప్రశ్న: మేమిద్దరం 8 రోజుల కొండ నడకకి విమానంలో వెళ్తున్నాం. ఒక గ్యాస్ స్టవ్, ద్రవ ఇంధనంతో నడిచే స్టవ్ ఒకటి ఉన్నాయి. వీటిలో ఏది తీసుకెళ్లనిస్తారు? సగం వాడిన గ్యాస్ డబ్బాని పారేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు: పారేయక్కర్లేదు, ఇంట్లో ఉంచండి. విమానంలోకి మాత్రం రాదు. గ్యాస్ డబ్బా నిండుగా ఉన్నా, సగమే ఉన్నా చెక్-ఇన్ సామానులోనూ కుదరదు, చేతి సంచిలోనూ కుదరదు. "ఖాళీదేనండీ" అన్నా ఒప్పుకోరు. ఊపితే చప్పుడు రాని డబ్బాలో కూడా గ్యాస్ కొంత మిగిలే ఉంటుంది మరి. స్పిరిట్, కిరోసిన్, ఘన ఇంధనపు బిళ్లలకీ ఇదే వర్తిస్తుంది. ఇంధనం ఏదైనా దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి.

గ్యాస్ స్టవ్‌తో పెద్ద పేచీ ఉండదు. అది ఉత్త బర్నరే, అందులో ఇంధనం నిలవదు. ఆరుబయట డబ్బా నుంచి విప్పేసి, నాబ్ తెరిచి ఒక రాత్రి గాలికి వదిలేయండి. మసి, పొంగిన అన్నం మరకలు కడిగి ఆరబెట్టి, గుడ్డలో చుట్టి వంట గిన్నెలో పెట్టండి. మూసే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. మీకు వాసన తెలిసిందంటే తనిఖీ చేసేవాళ్లకీ తెలుస్తుంది.

ద్రవ ఇంధనం స్టవ్‌తోనే అసలు తంటా. ఒకసారి వాడిన ఇంధనం సీసా ఉంటే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. మెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర ఉంచుకోండి. అంతర్జాతీయ విమాన రవాణా నిబంధనల పద్ధతి ఇలా ఉంటుంది: సీసాని బోర్లించి కనీసం గంటసేపు ఇంధనమంతా కారనివ్వాలి. తర్వాత మూత తీసి కనీసం 6 గంటలు వదిలేయాలి, లోపలి తడి ఆవిరైపోవడానికి. అప్పుడు మూత గట్టిగా బిగించి, తడి పీల్చే కాగితంలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, మూతిని రబ్బరు బ్యాండుతో కట్టాలి. సీసాలో కాస్త వంటనూనె పోసి, తిప్పి, ఒంపేయడం ఇంకో పద్ధతి. మిగిలిన ఇంధనం నూనెలో కలిసిపోయి తేలిగ్గా అంటుకోదు. 6 గంటలన్నది కనీసం మాత్రమే. రెండు రోజులు ఆరబెడితే ఇంకా నయం.

చాలామంది సీసా శుభ్రంగా ఆరబెట్టి, దానికి బిగించే పంపుని మరిచిపోతారు. వాసనంతా దాక్కునేది అక్కడే: పంపు గొట్టంలో, లోపలి వాషర్‌లో, ఇంధనం పైపులో. పంపుని వేడి సబ్బునీళ్లలో ముంచి పదిసార్లు కొట్టి, మంచినీళ్లతో మళ్లీ కొట్టి, ఆరనివ్వండి. వాషర్ తోలుదైతే తర్వాత రెండు చుక్కల నూనె వెయ్యాలి, లేదంటే ఎండి పట్టు వదిలేస్తుంది.

ఇంత చేసినా కొన్ని సంస్థలు వాడిన స్టవ్‌ని ఒప్పుకోవు. అందుకే వెళ్లే చోట గ్యాస్ డబ్బాలు దొరుకుతాయంటే ద్రవ ఇంధనం స్టవ్‌ని ఇంట్లోనే వదిలెయ్యమంటాం. బయల్దేరే ముందే అక్కడి దుకాణానికి ఫోన్ చేసి, మరలతో బిగించే వాల్వ్ ఉన్న డబ్బాలేనా అని అడగండి. గుచ్చి వాడేవి, క్లిప్పుతో తగిలించేవి కూడా ఉంటాయి, మీ బర్నర్‌కి పట్టకపోవచ్చు. చలి ప్రాంతమైతే లేబుల్ మీద మిశ్రమం చూడండి. ఉత్త బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి.

ఎంత కొనాలంటారా? లీటరు నీళ్లు మరగడానికి గాలి వీచని చోట 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ చాలు. ఇద్దరికి రోజుకి 3 లీటర్ల లెక్కన 8 రోజులకి 24 లీటర్లు, అంటే 290 నుంచి 360 గ్రాములు. గాలి, చలి ఖర్చు కలుపుకుని 450 గ్రాముల డబ్బా ఒకటి తీసుకోండి.

లైటర్ సంగతి దేశానికో తీరు. కొన్నిచోట్ల ఒకటి జేబులో ఉండనిస్తారు, కొన్నిచోట్ల అదీ లేదు. అదీ అక్కడే కొనేయండి.

ప్రశ్న: విమానంలో వేస్తే బ్యాక్‌ప్యాక్ బకిళ్లు విరుగుతాయంటారు, నిజమేనా? రెయిన్ కవర్ తొడిగితే చాలదా?

జవాబు: విరుగుతాయి. కారణం విమానం కాదు, కన్వేయర్. ఒక బెల్టు అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో వేలాడే పట్టీ చిక్కుకుంటే, సామాను ముందుకు పోతుంది, పట్టీ అక్కడే ఉంటుంది. ముందు బలయ్యేది నడుము పట్టీ, అదే బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి.

భుజం పట్టీలు పూర్తిగా బిగించి, మిగిలిన చివరలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. నడుము పట్టీని వెనక్కి మడిచి, బ్యాగు ముందువైపుకి తిప్పి, అక్కడే బకిల్ పెట్టేయండి. రెయిన్ కవర్ వానకి పనికొస్తుంది గానీ ఇక్కడ చాలదు, ఎలాస్టిక్ జారిపోయి అదే చిక్కుకుంటుంది. పల్చటి పెద్ద డఫెల్ సంచిలో బ్యాగు మొత్తాన్ని దించేయడం మేలు. నడిచే రోజుల్లో ఆ సంచిని బసలో వదలొచ్చు. పట్టీ వెడల్పు కొలిచి అదే కొలత బకిల్ ఒకటి అదనంగా పెట్టుకోండి. కుట్టు విప్పకుండా పట్టీకి ఎక్కించే రకం దొరుకుతుంది.

లోపల గట్టివి మధ్యలో, మెత్తవి చుట్టూ. టెంటు మేకులు, మంచు గొడ్డలి, క్రాంపాన్‌లు (మంచు మీద జారకుండా బూట్లకి తగిలించే ఇనుప పళ్ల పట్టీలు) చెక్-ఇన్‌లోనే వెళ్లాలి. క్రాంపాన్‌ల పళ్లని మందపాటి గుడ్డలో చుట్టకపోతే దారిలో టెంటు గుడ్డ చిరుగుతుంది. ట్రెక్కింగ్ కర్రలూ చెక్-ఇన్‌లోనే. పూర్తిగా మడిచి, మొనలకి రబ్బరు తొడుగులు వేసి, బ్యాగు వీపు వైపు నిలువుగా పెట్టండి. బయట కట్టిన కర్ర వంగడానికి ఒక్క దెబ్బ చాలు, కార్బన్‌దైతే విరుగుతుంది.

గాలి పరుపు వాల్వ్ తెరిచే ఉంచండి. ప్రయాణంలో విమానం లోపలి గాలి పీడనం సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్నంతకి తగ్గుతుంది. మూసిన పరుపులో మిగిలిన గాలి మూడో వంతు ఉబ్బి, అతికిన చోట్ల ఒత్తిడి పెడుతుంది. సన్‌స్క్రీన్ ట్యూబులోనూ ఇదే జరుగుతుంది. గాలి నొక్కేసి మూత పెట్టి, విడిగా సంచిలో వేయండి.

చాలా అంతర్జాతీయ విమానాల్లో చెక్-ఇన్ బ్యాగు పరిమితి 23 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. మీ టికెట్ మీద ఏముందో చూసుకుని, ఇంట్లోనే తూకం వేసుకోండి.

ప్రశ్న: 20,000, 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులు రెండున్నాయి. చెక్-ఇన్‌లో వేయొచ్చా?

జవాబు: వద్దు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. నిప్పంటుకుంటే క్యాబిన్‌లో ఆర్పగలరు, సామాను గదిలో ఎవరుంటారు? లెక్క సులువు: ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు. మీ చిన్నది 74, పెద్దది 111. వందలోపు మామూలుగా పర్వాలేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే అసలు రాదు. పెద్దది ఇంట్లో వదలండి. పైన అంకె చెరిగిపోయి ఉంటే చిన్నదాన్నీ ఆపేస్తారు, అదీ చూసుకోండి. హెడ్ ల్యాంప్‌ని చెక్-ఇన్‌లో వేస్తే బ్యాటరీ తీసేయండి. దారిలో స్విచ్ నొక్కుకుని వెలిగితే వేడెక్కుతుంది.

ప్రశ్న: ఎలుగుబంట్లు తిరిగే చోటికి వెళ్తున్నాం. వాటిని తరిమే కారం స్ప్రే (బేర్ స్ప్రే) తీసుకెళ్లొచ్చా?

జవాబు: చెక్-ఇన్‌లోనూ, చేతి సంచిలోనూ నిషిద్ధం. అక్కడే కొనండి, లేదా అద్దెకి తీసుకోండి.

ప్రశ్న: బ్యాగు రాకపోతే నడక ఆగిపోవాల్సిందేనా?

జవాబు: మీరు దగ్గర ఏం ఉంచుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. బూట్లు వేసుకునే ఎక్కండి. కొత్త ఊళ్లో స్టవ్ దొరుకుతుంది, గిన్నె దొరుకుతుంది, మీ పాదానికి అలవాటైన బూటు దొరకదు. రెయిన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగు, రోజూ వేసుకునే మందులు, అనుమతి పత్రాలు చేతి సంచిలో ఉండాలి. చోటుంటే టెంటు గుడ్డ కూడా, మేకులు లేకుండా.

సామాను రాకపోయినా, విరిగి వచ్చినా విమానాశ్రయం దాటకముందే కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ (సామాను రాలేదనో, పాడైందనో నమోదు చేసే పత్రం) రాయించుకుని, నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణానికి 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తే, పాడైన సామానుకి అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే కొలత), అదీ అన్ని బ్యాగులూ కలిపి. సర్దేటప్పుడు సామానంతా నేల మీద పరిచి ఒక ఫొటో తీసుకుంటే లెక్క చెప్పడానికి ఆధారం ఉంటుంది. బ్యాగు లోపల కూడా మీ పేరు, ఫోన్ నంబరు, ఆ వారం బస చేసే చోటు రాసి పెట్టండి, బయటి ట్యాగు తెగిపోవడం మామూలే.

ప్రశ్న: పాత బూట్ల మట్టి కడగడం తప్పనిసరా?

జవాబు: న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వెళ్తుంటే తప్పదు. మట్టిలో వచ్చే విత్తనాలు, తెగుళ్లు వాళ్ల భయం. వాడిన బూట్లు, టెంటు ఉన్నాయని ప్రవేశపత్రంలో రాయాలి. అరికాలి గాళ్లలో మట్టి పాత టూత్‌బ్రష్‌తో, గేటర్ల (బూటు మీద నుంచి పిక్క దాకా తొడిగే గుడ్డ తొడుగులు) వెల్క్రోలో ఇరుక్కున్న గడ్డి గింజలు పట్టకారుతో తీయండి. టెంటు కింది మూలలు కూడా దులపండి. ఉతికాక పూర్తిగా ఆరనివ్వండి. తడి టెంటుని చుట్టి విమానంలో వేస్తే రెండు రోజులకే బూజు వాసన పట్టుకుంటుంది.