ముళ్లకంపకు కాయలు కాయవు

అమ్మడూ,

"తయారుచేసే ఉద్దేశమే లేనివాటి పేటెంట్లకు ఏటేటా ఫీజులు కడుతున్నారు, వీళ్లకేం పిచ్చా మామయ్యా?" అన్నావు మొన్న ఫోన్లో. మందుల కంపెనీ పేటెంట్ల సెక్షన్లో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

పేటెంటు ఇచ్చేది వస్తువు చేసుకునే హక్కు కాదు, ఎదుటివాణ్ని చెయ్యకుండా ఆపే హక్కు. అదీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లే. ఒక మందు చెయ్యడానికి నాలుగు రూట్లుంటే ఫ్యాక్టరీలో నడిచేది ఒకటే. మిగతా మూడింటికీ పేటెంటు తీసుకునేది పక్కదారిన ఎవడూ దూరకుండా. కాయలు కాయలేదని చేను చుట్టూ వేసిన ముళ్లకంపను పీకేస్తామా?

ఫోన్ల కంపెనీలకు ఇలాంటి పేటెంట్లు బేరానికి. నువ్వు కేసు వేస్తే నేనూ వేస్తానని బెదిరించి, చివరికి ఒకరివి ఒకరు వాడుకునేలా రాసుకుంటారు. దివాలా తీసిన కెనడా టెలికం కంపెనీ నోర్టెల్ పేటెంట్లు, సుమారు 6,000, 2011లో వేలానికొస్తే ఆపిల్, మైక్రోసాఫ్ట్ వగైరా కలిసి 450 కోట్ల డాలర్లకు పాడుకున్నాయి. పాటలో ఓడిన గూగుల్ ఆ ఆగస్టులోనే మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొంటానంది. 2014లో ఆ ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసి, పేటెంట్లలో చాలా భాగం తన దగ్గరే ఉంచుకుంది. దాని కన్ను దేనిమీదో నువ్వే చెప్పు.

మన దేశంలో ఊరికే దాచుకుంటే కుదరదు. వాడుతున్నదీ లేనిదీ పేటెంటు ఆఫీసుకు ఫారం 27లో చెప్పాలి. మంజూరై 3 ఏళ్లు దాటాక సరుకు జనానికి అందుబాటు ధరలో లేకపోతే ఎవరైనా కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఆ సరుకు చేసుకునే అనుమతి, అడగొచ్చు. బేయర్ తన క్యాన్సర్ మందు నెక్సావర్‌ను అమ్ముతూనే ఉండేది, నెలకు సుమారు 2,80,000 రూపాయలకు. అయినా 2012లో మన హైదరాబాదు నాట్కో లైసెన్సు తెచ్చుకుంది, నెలకు 8,880కి ఇస్తానని.

ఇక నీ పని. ఫీజు కట్టే ముందు ప్రతి పేటెంటు పక్కనా ఒక పేరు రాయి: ఇది లేకపోతే రేపు ఎవడొస్తాడు? ఏ పేరూ తట్టకపోతే వదిలెయ్యమని చెప్పు. ఏళ్లు గడిచేకొద్దీ ఫీజు పెరుగుతుంది. ఆ పేరు మాత్రం మార్కెటింగ్ వాళ్లను కూడా అడిగి రాయి. నేను అడగలేదు. ఖర్చు తగ్గిద్దామని 9వ ఏట ఒకదాన్ని వదిలేయించాను. రెండేళ్లకు పక్క కంపెనీ అదే రూట్లో సరుకు దింపింది. 18 నెలల్లోపైతే మళ్లీ బతికించమని అడగొచ్చు, ఆ గడువూ దాటిపోయింది. ఈ కథ మీ బాసుకు చెప్పకు.

మీ మామయ్య