కాంతి పాఠాన్ని చీకటితో మొదలుపెట్టండి

"మూడో తరగతి పిల్లలకు కాంతి, పరావర్తనం, నీడల గురించి చెప్పాలి. తేలికైన ప్రయోగం ఏదైనా ఉందా?" అని అడిగారు.

ప్రయోగాలకేం, కావలసినన్ని ఉన్నాయి. టార్చి లైటు, అట్టముక్క, అద్దం ఉంటే వారం ఇట్టే గడిచిపోతుంది. కానీ ఏళ్ల తరబడి ఆ తరగతికే పాఠం చెప్పినదాన్ని కాబట్టి నా మాట వినండి. ముందు పిల్లలకు చీకటిని చూపించండి. దీపం సంగతి తర్వాత.

వాళ్లను ఒక ప్రశ్న అడిగి చూడండి: "కటిక చీకటి గదిలో మీ ఎదురుగా ఎర్రటి బంతి ఉంది. కనిపిస్తుందా?" చాలామంది "మొదట కనిపించదు టీచర్, కాసేపు కూర్చుంటే కనిపిస్తుంది" అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. కటిక చీకటిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. రాత్రి పడుకునే గదిలోనూ తలుపు కింది నుంచో కిటికీ సందులోంచో కాస్త వెలుగు వస్తూనే ఉంటుంది. పైగా చూపు అనేది కంటి నుంచి బయలుదేరి వస్తువును తాకుతుందనే నమ్మకం వాళ్లలో ఎక్కడో ఉంటుంది. దానికి నవ్వకండి. ప్రాచీన గ్రీకు పండితులు యూక్లిడ్, టాలెమీ అంతటివాళ్లు కూడా కంటి నుంచే కిరణాలు వెళతాయని అనుకున్నారు. 11వ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్ శాస్త్రవేత్త ఆ వాదాన్ని గట్టిగా ఖండించి, వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని వివరించాడు. అంత పెద్ద బుర్రలు పొరబడిన చోట ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక్క వాక్యం బట్టీపట్టి ఒడ్డెక్కాలని మనం కోరుకుంటాం!

ఒక ఏడాది ఈ బంతి ప్రశ్న తేల్చడానికి మా బడిలో పాత బెంచీలు పడేసే గదిని ఎంచుకున్నాను. కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద గోనెపట్టా కుక్కి, పదిహేను మందిని లోపల కూర్చోబెట్టాను. మొదట కేకలు, గిల్లుళ్లు, ఒకరి జడ ఒకరు లాగడాలు. కాసేపటికి సద్దుమణిగింది. అప్పుడు ఓ అమ్మాయి నెమ్మదిగా "టీచర్, గోడ మీద ఎవరో తలకిందులుగా నడుస్తున్నారు" అంది.

నాకు నిజంగానే ఒళ్లు ఝల్లుమంది. తిరిగి చూస్తే, ఎదురు గోడ మీద జానెడు పొడవున మసకమసకగా ఓ మనిషి. పైన నేల, కింద ఆకాశం. తలుపుకు ఎప్పుడో మేకు ఊడిపోయిన చోట పెన్సిలు పట్టేంత చిల్లు ఉంది. బయట మండే ఎండలో మైదానం దాటుతున్న మనిషి ఆ చిల్లులోంచి మా గోడ మీదకు వచ్చాడు. చిన్న చిల్లులోంచి వచ్చే వెలుగుతో లోపల బొమ్మ పడే చీకటి పెట్టెను సూదిబెజ్జం కెమెరా అని పుస్తకంలో బొమ్మ గీసి చెబుతామే, మేము దాని కడుపులోనే కూర్చున్నాం.

ఇక బంతి ఎవరికి కావాలి? ఒక్కొక్కరే బయటికి పరుగెత్తడం, లోపలివాళ్లు "కుడికి వెళ్లరా, అయ్యో ఎడమకు పోతున్నాడేమిటి!" అని అరవడం. తలకిందులు ఎందుకయిందో చెప్పడానికి ఒకణ్ణి బయట తలుపుకు దగ్గరగా నిలబెట్టి, వాడి తల దగ్గర నుంచి చిల్లులోంచి గోడ దాకా దారం బిగించాను. తల దగ్గరి దారం గది లోపల కిందికి దిగింది. పాదాల దగ్గర నుంచి కట్టిన దారం పైకి ఎక్కింది. వెలుగు వంకర తిరగదని వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఇంతలో తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు బయటికి వెళ్లి చేతుల మీద నిలబడ్డాడు. గోడ మీద వాడి తల పైకి, కాళ్లు కిందికి వచ్చాయి. రెండు చేతులతో నేలను పట్టుకుని వేలాడుతున్నట్టు కనిపించాడు.

ఆ మర్నాడు నీడ బొమ్మ గీయమన్నాను. అంతకుముందు సంవత్సరాల్లో నీడకు కళ్లు, ముక్కు, చొక్కా గుండీలు కూడా గీసేవాళ్లు. నీడంటే వాళ్లకు నల్లటి ప్రతిబింబం. ఈసారి చాలామంది ఉత్త నల్లగానే నింపారు. ఒకడు మాత్రం "నీడలో కూర్చుని పుస్తకం చదవగలం కదా, అక్కడికి వెలుగు ఎలా వచ్చింది?" అని అడిగాడు. పరావర్తనం అక్కడ మొదలయింది, అద్దంతో కాదు. గోడ, నేల, చొక్కా, అన్నీ వెలుగును తిప్పికొడతాయి, కాకపోతే నాలుగు వైపులకూ చెదరగొడతాయి. నీడలో ఉన్న ముఖం పక్కన తెల్లకాగితం పట్టి చూపించండి, చెంప తేటపడుతుంది. అద్దమొక్కటే పరావర్తనం చేస్తుందని నేర్పే పాఠాలంటే నాకు ఒళ్లుమంట.

అద్దం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. "అద్దం కుడిఎడమలను తారుమారు చేస్తుంది" అని దయచేసి చెప్పకండి. కిటికీ వైపు వేలు చూపిస్తే అద్దంలోని వేలూ కిటికీ వైపే చూపుతుంది. పైకి చూపితే పైకే. అద్దం వైపు చూపితేనే అది మన వైపు తిరుగుతుంది. తారుమారయ్యేది ముందువెనకలు. పిల్లలకు ఇది నిమిషంలో అర్థమవుతుంది, పెద్దలతోనే వాదన. తనిఖీకి వచ్చిన ఒకాయన నాతో అరగంట వాదించి, చివరికి నోటుపుస్తకాల్లో నిర్వచనం ఎందుకు రాయించలేదని కోప్పడి వెళ్లారు.

అద్దాలతో ఎండలో ఆడిస్తే మాత్రం ఎవరి కళ్లలోకీ వెలుగు కొట్టకుండా, సూర్యుణ్ణి నేరుగా చూడకుండా కాపు కాయండి.

ఆ గది తలుపుకు తర్వాత రంగు వేయించారు. రంగువాళ్లు చిల్లును మైనంతో పూడ్చేశారు. సాయంత్రం అందరూ వెళ్లాక నేనే పెన్సిలుతో మళ్లీ పొడిచాను.