రూటు వచ్చింది, పింగ్ రాదు!

ప్రశ్న: మా కళాశాలలోని సిస్కో రూటర్‌లో కార్యాలయం, విద్యార్థులు, సర్వర్లు అని మూడు వీఆర్‌ఎఫ్‌లు (ఒకే రూటర్‌లో విడివిడిగా నడిచే రూటింగ్ పట్టికలు) ఉన్నాయి. సర్వర్లు ఇద్దరికీ అందాలి, వాళ్లు మాత్రం ఒకరికొకరు అందకూడదు. ఆర్‌టీలు (రూట్ టార్గెట్లు, అంటే రూట్లకు తగిలించే గుర్తులు) అన్నిచోట్లా రాశాను. కార్యాలయం పట్టికలోకి సర్వర్ల రూటు వచ్చింది, అయినా పింగ్ (అవతలి యంత్రం అందుతోందో లేదో చూసే పరీక్ష) పనిచేయడం లేదు. మూడింటికీ ఒకే ఆర్‌డీ (రూట్ డిస్టింగ్విషర్) ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆర్‌డీల జోలికి పోకండి. ఒకే ఆర్‌డీని రెండు వీఆర్‌ఎఫ్‌లకు ఇవ్వబోతే మీ రూటరే ఒప్పుకోదు. రెండు పట్టికల్లో ఒకే చిరునామా ఉన్నా కలిసిపోకుండా చూడటమే ఆర్‌డీ పని. ఏ రూటు ఎవరికి చేరాలో తేల్చేది ఆర్‌టీ.

మీరు ఒక వైపే చూసి ఆగిపోయారు. ఇప్పుడు సర్వర్ల వీఆర్‌ఎఫ్ పట్టిక తెరవండి. అందులో కార్యాలయం సబ్‌నెట్ (అక్కడి కంప్యూటర్ల చిరునామాల సముదాయం) ఉండదని నా అనుమానం. ప్యాకెట్ వెళ్తోంది, తిరిగి రావడానికి దారి లేదు. ఆర్‌టీలు సరిగ్గానే ఉన్నా ఇలా జరుగుతుంది. ఎందుకంటే ఈ పంపకం బీజీపీ (రూట్లను పంచే ప్రోటోకాల్) ద్వారా సాగుతుంది. నేరుగా తగిలించిన సబ్‌నెట్లు వాటంతట అవి బీజీపీలోకి ఎక్కవు. బీజీపీలో కార్యాలయం వీఆర్‌ఎఫ్‌కు చెందిన విభాగం (అడ్రస్ ఫ్యామిలీ) కింద ‘రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్’ అని రాయండి. విద్యార్థులకూ అంతే. బీజీపీకి బయట పొరుగు రూటర్ ఒక్కటీ లేకపోయినా ఫరవాలేదు.

ఆర్‌టీలు ఇలా ఉండాలి: కార్యాలయం 65000:1, విద్యార్థులు 65000:2, సర్వర్లు 65000:9 ఎక్స్‌పోర్ట్ చేయాలి. సర్వర్లు 1, 2 రెండింటినీ ఇంపోర్ట్ చేసుకోవాలి. మిగతా ఇద్దరూ 9ని మాత్రమే. ఇలా తెచ్చుకున్న రూట్లను సర్వర్ల వీఆర్‌ఎఫ్ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయదు కాబట్టి కార్యాలయం రూట్లు విద్యార్థులకు చేరవు.

అయితే సర్వర్ల సబ్‌నెట్ మొత్తాన్ని విద్యార్థులకు ఎందుకు తెరవాలి? ఇంపోర్ట్ మ్యాప్ (తెచ్చుకునే రూట్లను వడకట్టే నియమం) పెట్టి, వాళ్లకు అవసరమైన సర్వర్ల చిరునామాలకే /32 రూట్లు (ఒక్కో చిరునామాకు ఒక్కో రూటు) ఇవ్వండి. వాటిని సర్వర్ల వీఆర్‌ఎఫ్‌లో స్టాటిక్‌గా (మీరే చేత్తో) రాసి, బీజీపీలోకి ఎక్కించాలి. ఇది కాస్త చాకిరీయే. కానీ పరీక్షల ప్రశ్నపత్రాలు కూడా అదే సబ్‌నెట్‌లో ఉంటే ఆ చాకిరీ తప్పదు. పైగా పోర్టులను అడ్డుకోవడం రూట్ల వల్ల కాదు, దానికి ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో, దేన్ని ఆపాలో చెప్పే జాబితా) విడిగా రాయాలి.

కార్యాలయం, విద్యార్థులు ఇద్దరూ 192.168.1.0/24నే వాడుతుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. ముందు ఒకరి చిరునామాలు మార్చండి, లేదా నాట్ (దారిలో చిరునామాలను మార్చే పద్ధతి) పెట్టండి.

పింగ్‌ను రూటర్ మీద నుంచి కాకుండా, కార్యాలయంలోని ఒక కంప్యూటర్ నుంచి సర్వర్‌కు కొట్టి చూడండి.