మెషీన్ల ఆర్డర్ చూసి మైనింగ్ షేరు ఇంకా కొనొచ్చా?

ప్రశ్న: అమెరికా మార్కెట్లో లిస్టయిన ఒక బిట్‌కాయిన్ మైనింగ్ (ప్రత్యేక కంప్యూటర్లు నడిపి కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే) కంపెనీలో ఏడాది కిందట రూ.4 లక్షలు పెట్టాను. ఇప్పుడది రూ.2.3 లక్షలకు పడింది. వేల సంఖ్యలో కొత్త మెషీన్లకు ఆర్డరిచ్చామని కంపెనీ చెబుతోంది. డబ్బుకు ఇబ్బంది పడుతోందనీ వార్తలొస్తున్నాయి. ఇంకో రూ.2 లక్షలు పెట్టి సగటు ధర తగ్గించుకోమంటారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. కింద చెప్పిన లెక్క మీరే వేసి చూసుకునేదాకా ఆ రూ.2 లక్షలు కదపకండి.

ఆర్డర్ ఇచ్చామంటే మెషీన్లు వచ్చేసినట్టు కాదు, కట్టాల్సిన బాకీ ఒకటి నెత్తికెక్కినట్టు. తయారీదారు ముందు అడ్వాన్స్ తీసుకుంటాడు, మిగతాది వాయిదాల్లో డెలివరీకి ముందే కట్టించుకుంటాడు. వాయిదా తప్పితే అడ్వాన్సుకే ఎసరు రావచ్చు. పైగా బిట్‌కాయిన్ పడితే మెషీన్ల ధరా పడుతుంది. అప్పటికే పాత ధరకు ఒప్పుకున్న కంపెనీకి అది గోరుచుట్టు మీద రోకటి పోటు.

2022లో జరిగిందదే. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాదికల్లా 16 వేల చుట్టుపక్కలకు దిగింది. ఆస్ట్రేలియాకు చెందిన ఐరిస్ ఎనర్జీ అనే మైనింగ్ కంపెనీ మెషీన్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు సుమారు 10.8 కోట్ల డాలర్లు. ఆ మెషీన్ల మీద నెలకు మిగిలేది 20 లక్షల డాలర్లు, కట్టాల్సిన కిస్తీ 70 లక్షలు. చివరికి మెషీన్లు వదులుకోవాల్సి వచ్చింది. అయితే తయారీదారు దగ్గరున్న 6.7 కోట్ల డాలర్ల అడ్వాన్సును 2023 ఫిబ్రవరిలో కొత్త మెషీన్ల కిందికి మార్చుకోగలిగింది, నిలబడింది. మరోవైపు 2022 డిసెంబరులో కోర్ సైంటిఫిక్ అనే ఇంకో మైనింగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, 2024 జనవరిలో గానీ బయటపడలేదు. అందుకే అడ్వాన్స్ ఎంత, దాన్ని వాడుకునే వీలుందా అన్నది షేరు ధర కన్నా ముందు చూడాలి.

అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైట్లో కంపెనీ పేరు కొట్టి తాజా 10-క్యూ (మూడు నెలల నివేదిక) తెరవండి. బ్యాలెన్స్ షీటులో మెషీన్లకిచ్చిన డిపాజిట్, నోట్సులో ‘కమిట్‌మెంట్స్’ కింద ఇంకా కట్టాల్సిన వాయిదాలు ఉంటాయి. చేతిలోని నగదు, తాకట్టులో లేని బిట్‌కాయిన్ కలపండి. అందులోంచి 12 నెలల వాయిదాలు, అప్పు కిస్తీలు తీసేయండి. మైనస్ వస్తే, మైనింగ్ నుంచి వచ్చే మిగులు దాన్ని పూడ్చకపోతే, కంపెనీ అప్పు తేవాలి లేదా కొత్త షేర్లు అమ్మాలి. షేర్లు అమ్మితే మీ వాటా పలచబడుతుంది. మొత్తం షేర్ల సంఖ్య ఏడాదిలో ఎంత పెరిగిందో అక్కడే తెలుస్తుంది. ‘గోయింగ్ కన్సర్న్’ (కంపెనీ ఇక ముందూ నడవగలదా అన్నది) మీద అనుమానం రాసి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, కొత్త డబ్బు పెట్టకండి.

అలాగని ఆర్డర్లే ఇవ్వని కంపెనీ భద్రమనుకోకండి. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌తో (దాదాపు నాలుగేళ్లకోసారి మైనింగ్ బహుమతి సగమవడం) ఒక్కో బ్లాకుకు, అంటే లావాదేవీల కట్టకు వచ్చే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. 200 టెరాహ్యాష్‌ల (లెక్కలు చేసే వేగానికి కొలత) ఎస్21 అనే కొత్త మోడల్ మెషీన్ 3,500 వాట్లు తీసుకుంటుంది, అంటే రోజుకు 84 యూనిట్లు. యూనిట్ 6 సెంట్లయితే 5 డాలర్ల చిల్లర. అదే పనికి పాత మోడల్ ఎస్19జె ప్రోలు రెండు పెట్టాలి, 146 యూనిట్లు, 8.78 డాలర్లు. పాత మెషీన్లతో నెట్టుకురావడం కష్టమే. కానీ కొత్తవి వచ్చినా కరెంటు కనెక్షను, ట్రాన్స్‌ఫార్మర్లు సిద్ధంగా లేకపోతే పెట్టెల్లోనే పడుంటాయి. నెలవారీ ప్రకటనల్లో ‘ఆర్డర్ చేసినవి’ వదిలేసి ‘నడుస్తున్నవి’ ఎన్నో చూడండి.

ఇక పన్ను సంగతి. మీది కంపెనీ షేరు కాబట్టి క్రిప్టోకు వేసే 30 శాతం పన్ను దీనికి వర్తించదు, నష్టాన్ని సర్దుకునే వీలూ ఉంది. 24 నెలలు దాటక ముందే అమ్మితే ఆ రూ.1.7 లక్షలు స్వల్పకాలిక మూలధన నష్టం. మ్యూచువల్ ఫండ్ల మీద వచ్చిన లాభంలోంచి తగ్గించుకోవచ్చు, మిగిలితే 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, రిటర్ను గడువులోగా వేస్తేనే. 24 నెలలు దాటితే మాత్రం దీర్ఘకాలిక లాభంతోనే సర్దుకోవాలి. అమ్మినా అమ్మకపోయినా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపడం మరవకండి. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు.