ఇలియోస్టమీ సంచి కారుతుంటే ముందు రంధ్రం కొలత చూడండి

అమ్మా, టైఫాయిడ్‌తో పేగుకు చిల్లు పడి గుణుపురంలోని మీ మామగారికి ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట బయటికి తెచ్చి, మలం సంచిలోకి వచ్చేలా చేసే ఆపరేషన్) చేశారని, సంచి రోజూ కారి చర్మం మండుతోందని, ఆయన రాత్రి భోజనం మానేసి వెనక వసారాలోనే కూర్చుంటున్నారని రాశారు. ఆయనకు ధైర్యం ఎలా చెప్పాలని అడిగారు. ముందు కారడం ఆపండమ్మా. రాయగడలో మా ఆవిడకూ ఇదే ఆపరేషన్ అయింది. ఎవరెంత ఓదార్చినా గది దాటని మనిషి, సంచి నిలబడ్డాకే నలుగురిలోకి వచ్చింది.

ఆపరేషన్‌కు వాచిన స్టోమా, అంటే పొట్ట మీద బయటికి కనిపించే పేగు ముఖం, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చిన్నదవుతుంది. డిశ్చార్జి నాటి కొలతకే ఫ్లాంజ్‌లో (సంచిని చర్మానికి అంటించే జిగురు పలకలో) రంధ్రం కత్తిరిస్తూ పోతే చుట్టూ చర్మం బయటపడుతుంది. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలోని జీర్ణరసాలు దాన్ని కొరికేస్తాయి. చెమ్మగిల్లిన చర్మానికి జిగురు అంటదు, మళ్లీ కారుతుంది. అందుకే ఈ రెండు నెలలూ వారం వారం కొలవండి. స్టోమాకు, రంధ్రం అంచుకు మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ చాలు. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చండి, అప్పుడు ద్రవం తక్కువగా వస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పాత నూలుగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె రాయవద్దు. అతికించాక అరచేతితో కాసేపు అదిమి పట్టుకోండి, ఆ వేడికి జిగురు పట్టు కుదురుతుంది. మూడోవంతు నిండగానే సంచి ఖాళీ చేయాలి. కడిగేటప్పుడు కాస్త రక్తం అంటినా కంగారు పడకండి. స్టోమా నల్లబడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పస్తులున్నా ద్రవం రావడం ఆగదు. నీరు, ఉప్పు పోతూనే ఉంటాయి, అందుకే రాత్రి భోజనం మానడం ఆయనకు మంచిది కాదు. మన ఎండల్లో వట్టి నీళ్లు సరిపోవు. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ ఇవ్వండి. వానాకాలం సంతలో వచ్చే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు పేగులో అడ్డుపడగలవు, ప్రస్తుతానికి పెట్టవద్దు. కడుపు మెలిపెడుతూ సంచిలోకి ఏమీ రాకపోయినా, వాంతులైనా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు.

సంచులు మన ఊళ్లలో అడిగిన వెంటనే దొరకవు. విశాఖకో బరంపురానికో ఎవరు వెళ్తున్నా ముందే చెప్పి తెప్పించుకోండి. ఎండ తగలని చోట ఉంచండి.

టైఫాయిడ్ చిల్లుకు పెట్టే ఇలియోస్టమీ చాలావరకు తాత్కాలికమే. ఎప్పుడు మూస్తారో ఈసారి సర్జన్‌ను మామగారి ఎదుటే అడగండి.