హైవే పనుల మట్టినీళ్లు మా మంచినీళ్ల చెరువులోకి వస్తున్నాయి, ఎవరిని అడగాలి?

ఎవరిని అడగాలన్నది తర్వాత. ముందు వాన పడుతుండగా గొడుగేసుకుని రోడ్డు కట్ట వెంట నడవండి. ఎండలో వెళితే తూము తూములాగే కనిపిస్తుంది, నీళ్లు ఎటు పోతాయో తెలియదు.

మాది గుంటూరు, మంగళగిరి మధ్య ఒక పల్లె. కృష్ణా నీళ్లతో చెరువు నింపుకుని, కాలువలకు నీళ్లు ఆపేశాక వేసవంతా అవే తాగుతాం. ఊరి పక్కన రహదారి విస్తరణ మొదలైన సంవత్సరం, అక్టోబరు వాయుగుండానికి రెండు రోజులు కురిసింది. మూడోనాడు పొద్దున కుళాయి కింద బిందెలో పడ్డవి టీ నీళ్లు. అమ్మ చిల్లగింజ అరగదీసి కలిపింది. ఆమె చెయ్యి పడితే ఏ నీళ్లయినా గంటలో తేరాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నానికీ తేరలేదు. పటిక వేస్తే సాయంత్రానికి అడుగున రెండు వేళ్ల మందాన ఎర్రబురద దిగింది.

పైకి తేరినా సరిపోదు. మట్టి రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి, క్లోరిన్ వాటిదాకా వెళ్లదు. అందుకే తాగునీటి ప్రమాణంలో మడ్డి 1 ఎన్‌టీయూ (నీళ్ల మడ్డిని కొలిచే లెక్క) దాటకూడదన్నారు, గత్యంతరం లేకపోతే 5 దాకా. మా ఊళ్లో ఇది చెబితే ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకోమన్నారు. చెరువు పాడయ్యాక క్యాను కొనుక్కోవడం పరిష్కారమట! ఆ క్యాను ఎన్నాళ్లకోసారి కడుగుతారో అడిగినవాడు లేడు.

కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్లు చూసుకునే ఉద్యోగిగా, చేసి రిటైరైన మా పెదనాన్న తడుస్తూనే వెళ్లి కారణం పట్టుకున్నారు. కొత్త తూము దించిన వాలు వల్ల గ్రావెల్ కట్ట మీది వాననీరంతా చెరువుకు నీళ్లు తెచ్చే పిల్లకాలువలోకే దూకుతోంది. సైటు ఇంజనీరు ‘మాది రోడ్డు, చెరువు పంచాయతీది’ అన్నాడు. పంచాయతీలో అడిగితే రోడ్డు వాళ్లనే అడగమన్నారు. తర్వాతి వానకు పెదనాన్న మూడు సీసాలు నింపారు: తూముకు ఎగువన, తూము దిగువన, చెరువు రేవులో. మూడూ వరసగా ఇంజనీరు బల్ల మీద పెట్టి, ‘మీరు ఏది తాగుతారు బాబూ?’ అన్నారు.

మర్నాడే పొక్లెయిన్ వచ్చింది. తూము నోటి దగ్గర మట్టి దిగడానికి గుంట, దాని ముందు రాళ్ల అడ్డుకట్ట, పక్కన ఇసుక మూటలు. పూట పని. కట్ట వాలు మీద గడ్డి నాటడానికి మాత్రం ఇంకో ఆరు నెలలు తిప్పారు.

మీరు కూడా సీసాలు పట్టుకునే సైటు ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లలో 306వ క్లాజు మట్టికోతనూ పూడికనూ అదుపు చేయడం గురించే, దాన్ని అర్జీలో రాయండి. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రాజెక్టయితే ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, అదీ అడగండి. థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదతో కట్ట పోస్తున్నారేమో చూసుకోండి. అది గ్రావెల్ కన్నా తేలిగ్గా కొట్టుకొస్తుంది.

సీసాలు పెదనాన్న తిరిగి ఇంటికి తెచ్చేశారు. పారబోయమని పెద్దమ్మ గొడవ. ‘వాళ్ల బిల్లు పాసయ్యేదాకా ఉండనీ’ అంటారు ఆయన.