మోటార్‌హోమ్ బ్యాటరీ చార్జ్ కాకపోతే బాధ్యులెవరు?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఉంటాను. కుటుంబంతో యాత్రలు చేసేందుకు నా బీఎస్-6 వ్యాన్‌ను బెంగళూరులోని ఒక వర్క్‌షాప్‌కు 11 లక్షల రూపాయలు చెల్లించి మోటార్‌హోమ్‌గా మార్పించుకున్నాను. దీపాలకు, ఫ్రిజ్‌కు వారు అమర్చిన లిథియం బ్యాటరీ ఇంటి దగ్గర ప్లగ్ పెడితే చార్జ్ అవుతోంది గాని, బండి ఎంత దూరం నడిచినా చార్జ్ కావడం లేదు. వర్క్‌షాప్‌వారు బ్యాటరీ కంపెనీని అడగమంటున్నారు. ఆ కంపెనీవారు వైరింగ్ లోపమంటున్నారు. మొత్తం డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చా?

జవాబు: ప్లగ్ పెడితే బ్యాటరీ చార్జ్ అవుతోందన్న ఒక్క సంగతే మీ కేసుకు ఆయువుపట్టు. బ్యాటరీ బాగానే ఉందనీ, ఇంజన్‌లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి దాని వరకు కరెంటు వచ్చే దారిలోనే లోపం ఉందనీ అనుకోవడానికి అది ఆధారమవుతుంది. అయితే దాన్ని సాక్ష్యంగా మార్చుకోకముందే వైర్లపై ఎవరినీ చేయి వేయనివ్వకండి. విసుగెత్తి ఊళ్లో మెకానిక్‌తో మరమ్మతు చేయిస్తే, వినియోగదారుల కమిషన్‌కు చూపించడానికి అసలు లోపమే మిగలదు.

ముందుగా వర్క్‌షాప్‌కు, బ్యాటరీ కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీన తనిఖీకి రమ్మని కోరండి. వారు రాకపోయినా, అర్హత గల ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఇంజన్ నడుస్తుండగా రెండు బ్యాటరీల దగ్గరా వోల్టేజీ కొలిపించి, సంతకంతో నివేదిక తీసుకోండి. ఇంజన్ బ్యాటరీ దగ్గర 14 వోల్టులు చూపుతూ, లోపలి బ్యాటరీ దగ్గర వోల్టేజీ ఏమాత్రం పెరగకపోతే ఫ్యూజ్, రిలే (రెండు బ్యాటరీలను కలిపే స్విచ్), కేబుల్, చార్జర్ వీటిలో ఏదో ఒకటి పనిచేయడం లేదని అర్థం. అవన్నీ వర్క్‌షాప్ అమర్చినవే. చాలా బీఎస్-6 వాహనాల్లో ఇంధనం ఆదా కోసం, ఇంజన్ బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ తన వోల్టేజీని తగ్గించుకుంటుంది. అటువంటి బండికి, ఆల్టర్నేటర్ వోల్టేజీ తగ్గినా లోపలి బ్యాటరీకి కావలసిన వోల్టేజీ అందించే డీసీ-డీసీ చార్జర్ పెట్టకుండా రిలేతో సరిపెట్టి ఉంటే, అది వాహన తయారీదారు తప్పు కాదు, మార్పు చేసినవారి సేవాలోపమే. అవసరమనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 కింద ప్రయోగశాల పరీక్ష జరిపించమని కూడా కమిషన్‌ను కోరవచ్చు.

మీరు డబ్బు చెల్లించింది వర్క్‌షాప్‌కు కనుక మొదటి ప్రతివాదిగా వారినే చేర్చి, బ్యాటరీ కంపెనీని రెండో ప్రతివాదిగా చూపండి. మొత్తం 11 లక్షలు వస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. సెక్షన్ 39 ధర వాపసుకు అవకాశమిస్తున్నప్పటికీ, లోపమున్న భాగాన్ని మారిస్తే సరిపోయేచోట వాహనం మొత్తాన్ని మార్చమనడం సమంజసం కాదని మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లోపాన్ని వారి ఖర్చుతో సరిచేయాలని, లేదా ఆ ఖర్చు చెల్లించాలని, దానితోపాటు నష్టపరిహారం ఇప్పించాలని కోరడమే గట్టి అభ్యర్థన అవుతుంది.

బండిని అద్దెకు తిప్పుతున్నట్లయితే వాణిజ్య ప్రయోజనానికి వాడేవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం ఎదురవుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఈ మార్పు ఆర్‌సీలో నమోదైందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

వర్క్‌షాప్ బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే విశాఖ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షలకు మించలేదు కనుక అది జిల్లా పరిధిలోనిదే. మీ కేసుకు రుసుము 400 రూపాయలు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి. ఫోన్‌లో చర్చలు నడుస్తున్నాయన్న కారణంతో ఆ గడువు ఆగదు.